పారిస్‌ను ఓడించిన కమ్మరుల ఊరు: గున్యోన్ ఫుట్‌బాల్ క్లబ్బు సంగతి

ప్రశ్న వేసిన మిత్రులకు నమస్కారం. మీరు అడిగినదాన్ని నాకు అర్థమైన మేరకు ముందు చెప్పుకుంటాను. ఫ్రాన్స్‌లో ఎనిమిది వేల మంది ఉండే గున్యోన్ అనే ఊరి జట్టు, ఆ ఊరి ఉక్కు కార్ఖానా కార్మికులతోనే ఆడి, 2000లో పారిస్ సెయింట్ జర్మేన్‌ను ఓడించి జాతీయ కప్పు గెలిచిందని మీరు ఎక్కడో చదివారు. అది నిజమేనా, నిజమైతే ఆ క్లబ్బు ఇప్పుడు పెద్ద లీగుల పట్టికల్లో ఎందుకు కనిపించదు, వచ్చే ఏడాది చదువుకోసం లియోన్‌కు వచ్చినప్పుడు ఆ జట్టు ఆట చూడడం వీలవుతుందా అన్నవి మీ సందేహాలు.

ముందు జవాబు చెప్పేస్తాను. కప్పు గెలిచిన మాట నిజం. కార్ఖానా కార్మికులు గెలిచారన్న మాట నిజం కాదు. గున్యోన్ చరిత్రలో ఒకే చొక్కా తొడుక్కున్న రెండు వేర్వేరు క్లబ్బులు ఉన్నాయనుకోవాలి, కాగితం మీద క్లబ్బు ఒకటే అయినా. మొదటిది కార్ఖానాలో జీతం తీసుకునే ఆటగాళ్లతో నడిచి, 1979లో మొదటి డివిజన్‌కు వెళ్లే స్థానం సంపాదించి కూడా వెళ్లకుండా ఆగిపోయిన ఔత్సాహిక క్లబ్బు. రెండవది 1987లో వృత్తి హోదా, అంటే జీతాల మీద పూర్తికాలం ఆడే ఆటగాళ్ల క్లబ్బుగా గుర్తింపు, తీసుకుని, 1995లో మొదటి డివిజన్‌కు ఎక్కి, 2000లో కప్పు గెలిచి, 2008లో రెండవ డివిజన్ నుంచి జారిపోయి, 2011లో దివాలా తీసిన క్లబ్బు. మీరు చదివిన కథనం రెండవ క్లబ్బు గెలిచిన కప్పును తీసుకెళ్లి మొదటి క్లబ్బు మనుషుల చేతిలో పెట్టింది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, ఫ్రెంచివాళ్లు కూడా చేస్తారు, ఎందుకంటే కథగా అదే బాగుంటుంది. కానీ క్లబ్బు ఎందుకు కూలిపోయిందో అర్థం కావాలంటే ఈ రెండింటినీ విడదీసి చూడవలసిందే.

నా సంగతి ఒక మాట చెప్పాలి. నేను పద్దెనిమిదేళ్లుగా ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో ఉంటున్నాను, అందులో తొమ్మిదేళ్లు మా పక్క ఊరి ఔత్సాహిక క్లబ్బుకు జీతం లేని కోశాధికారిగా పనిచేశాను. ఆట గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఎందరో ఉంటారు. చిన్న ఊరి క్లబ్బుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడ కారిపోతుంది అన్నది మాత్రం లెక్కల పుస్తకం ముందు కూర్చుని నేర్చుకున్నాను. అందువల్ల ఈ సమాధానంలో గోల్స్ కంటే జమాఖర్చులే ఎక్కువగా కనిపిస్తే మన్నించాలి. ఊరి పేరు గురించి కూడా ఒక మాట: తెలుగులో దాన్ని 'గ్యూగ్నాన్' అని రాసినవారు ఉన్నారు. అక్కడి పలుకుబడిలో రెండవ 'గ' వినపడదు, చివరి 'న' ముక్కులోనే ఆగిపోతుంది. మన అరసున్నతో 'గున్యోఁ' అని రాస్తే దగ్గరగా ఉంటుంది గాని విభక్తులు చేర్చడం కష్టం కనుక 'గున్యోన్' అనే రాస్తున్నాను.

ఊరు బర్గండీకి దక్షిణాన, సోన్-ఎ-లువార్ జిల్లాలో, లువార్ నదిలో కలిసే అరూ అనే చిన్న నది ఒడ్డున ఉంది. చుట్టూ పచ్చిక బయళ్లు, వాటిలో షారోలే జాతి తెల్లని పశువులు. ఆ పచ్చదనం మధ్యలో పొడవైన రేకుల షెడ్లతో ఉక్కు కార్ఖానా. అక్కడ కొలిమి మొదలైనది 1724లో. ఫ్రెంచి విప్లవం కంటే అరవై అయిదేళ్ల ముందు నుంచీ ఆ ఊరికి అదే అన్నం పెడుతోంది. ఇరవయ్యవ శతాబ్దంలో అది స్టెయిన్‌లెస్ స్టీలు రేకుల తయారీకి పేరుపొందింది. మన వంటింట్లో 'స్టీలు సామాను' అని పిలుచుకునే జాతి లోహమే అది. ఊళ్లో తండ్రి కార్ఖానాకు వెళితే కొడుకూ వెళ్లేవాడు, ఇల్లు కార్ఖానా కట్టించినదే అయి ఉండేది, ఆదివారం చూసే ఆట కూడా కార్ఖానా నీడలోనే జరిగేది. 1940లో ఏర్పడిన ఫుట్‌బాల్ క్లబ్బుకు ఫ్రాన్స్ అంతటా 'లే ఫోర్జెరాన్', అంటే కమ్మరులు, అన్న పేరు అందుకే వచ్చింది. పసుపు, నీలం వారి రంగులు.

ఇక మొదటి క్లబ్బు సంగతి. 1970లో ఫ్రెంచి సమాఖ్య రెండవ డివిజన్ తలుపులను ఔత్సాహిక క్లబ్బులకు కూడా తెరిచింది. అంతవరకు వృత్తి ఆటగాళ్లకే పరిమితమైన చోటికి, పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం సాధన చేసే జట్లు కూడా రావచ్చునన్నమాట. గున్యోన్ వంటి ఊళ్లకు ఇది బాగా కలిసివచ్చింది. ఆ దశాబ్దం తొలి సంవత్సరాల్లో రెండవ డివిజన్‌లోకి వచ్చిన ఆ జట్టు, తరువాత మూడు దశాబ్దాలకు పైగా మొదటి రెండు డివిజన్ల కిందికి దిగలేదు.

దీని వెనుక ఉన్న ఏర్పాటు చాలా సాదా. మంచి ఆటగాడు కనిపిస్తే క్లబ్బు అతనికి పెద్ద జీతం ఇవ్వజాలదు, కాని కార్ఖానా ఉద్యోగం ఇవ్వగలదు. ఆ ఉద్యోగం ముప్పై అయిదో ఏట మోకాలు పోయినా పోదు. పింఛను ఉంటుంది, ఇల్లు ఉంటుంది. వృత్తి క్లబ్బు ఇచ్చే రెండేళ్ల ఒప్పందం కంటే ఇది మేలని తలచే ఆటగాళ్లు ఆ రోజుల్లో తక్కువేమీ కాదు. క్లబ్బు పద్దుల్లో జీతాల వరుస చిన్నదిగా ఉండేది, ఎందుకంటే అసలు జీతం కార్ఖానా పద్దుల్లో ఉండేది. ఇది దొంగలెక్క కాదు. ఇరవయ్యవ శతాబ్దంలో ఐరోపాలోని చాలా కార్ఖానా ఊళ్లలో క్లబ్బులు ఇలాగే నడిచాయి. మన దగ్గర రైల్వే జట్లు, బ్యాంకు జట్లు, పోలీసు జట్లు క్రీడాకారులకు ఉద్యోగాలిచ్చి పోషించిన పద్ధతి గుర్తుంటే మీకు దీన్ని వేరుగా వివరించవలసిన పని లేదు.

1978-79లో ఈ జట్టు రెండవ డివిజన్‌లో తన గ్రూపులో మొదటి స్థానంలో నిలిచింది. మామూలుగా అయితే మొదటి డివిజన్‌కు వెళ్లాలి. అక్కడ ఆడాలంటే వృత్తి హోదా తప్పనిసరి. గున్యోన్ ఆ హోదా తీసుకోకుండా ఉన్నచోటే ఉండిపోయింది. 'మొదటి డివిజన్‌ను కాదన్న క్లబ్బు' అన్న మాట అప్పటి నుంచి దానికి అంటుకుంది. దీన్ని కొందరు పిరికితనంగా, కొందరు గొప్ప త్యాగంగా రాస్తారు. నాకు ఆ రెండూ కనిపించవు. కార్ఖానా ఉద్యోగం వదిలి పూర్తికాలం ఆటగాడిగా మారమని ఇరవై ఎనిమిదేళ్ల గృహస్థుణ్ని అడిగితే అతడు ఏమంటాడో ఆలోచించండి. జట్టంతా మారిపోవాలి; మారిన జట్టుకు జీతాలు కావాలి; ఆ జీతాలకు సరిపడా జనం ఆ ఊళ్లో లేరు. 1979 నాటి నిర్ణయం లెక్క తెలిసినవాళ్లు తీసుకున్న నిర్ణయం. కోశాధికారిగా ఆ కుర్చీలో నేను ఉన్నా అదే చెప్పి ఉండేవాణ్ని.

మరి ఎనిమిదేళ్లకే, 1987లో, ఆ క్లబ్బు వృత్తి హోదా ఎందుకు తీసుకుంది? ఎందుకంటే చుట్టూ ఉన్న లోకం మారిపోయింది. టెలివిజన్ డబ్బు రావడం మొదలైంది, పోటీ జట్లన్నీ పూర్తికాలం సాధన చేస్తున్నాయి, రెండవ డివిజన్‌లో ఔత్సాహికుల చోటు ఏటేటా కుంచించుకుపోతోంది. 1993లో రెండు గ్రూపుల పద్ధతి తీసివేసి ఒకే గ్రూపు చేసేసరికి ఆ తలుపు దాదాపు మూసుకుపోయింది. మారకపోతే కిందికి దిగడం ఖాయం, మారితే నిలబడే అవకాశమైనా ఉంటుంది. అవతలి పక్కన కార్ఖానా యాజమాన్యం కూడా ఊరికి దూరమవుతూ వచ్చింది. 1980ల నాటికి అది పెద్ద ఉక్కు సంస్థల చేతుల్లో ఉంది. ప్రభుత్వ ఆధీనంలోని యూసినార్ గొడుగు కిందికి వచ్చింది. 2002లో యూసినార్, లక్సెంబర్గ్, స్పెయిన్ సంస్థలతో కలిసి ఆర్సెలార్ అయింది. 2006లో లక్ష్మీ మిట్టల్ ఆర్సెలార్‌ను కైవసం చేసుకున్నారు. 2011లో స్టెయిన్‌లెస్ స్టీలు విభాగాన్ని వేరుచేసి ఆపెరామ్ అన్న సంస్థగా నిలిపారు. అరూ ఒడ్డున పొద్దున్నే కూత పెట్టే కార్ఖానాపై చివరి మాట ఎవరిది అంటే, ముందు ఊళ్లోని దొరది, తరువాత పారిస్‌ది, ఆ తరువాత లక్సెంబర్గ్‌ది. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ప్రపంచమంతటా ఉక్కు అమ్మే సంస్థ ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ జట్టును తన ఇంటి వ్యవహారంగా చూడాలని కోరడం న్యాయం కాదు. కాని అది ఇంటి వ్యవహారంగా ఉన్నప్పుడే ఆ జట్టు లెక్క సరిపోయింది.

1994-95 సీజను ఒక విచిత్రమైన సీజను. లంచాల కుంభకోణం, అప్పులు కలిసి రెండవ డివిజన్‌కు దిగిపోయిన మార్సెయ్ ఆ ఏడు ఆ డివిజన్‌లో మొదటి స్థానం పొందింది గాని, ఆర్థిక పరిస్థితి కారణంగా పైకి వెళ్లనివ్వలేదు. దాని వెనుక ఉన్న గంగాఁ, గున్యోన్ మొదటి డివిజన్‌కు ఎక్కాయి. గంగాఁ ఫ్రాన్స్ వాయవ్య మూలన ఉన్న బ్రిటనీ ప్రాంతంలో ఏడు వేల మంది ఉండే ఊరు, గున్యోన్ సంగతి చెప్పుకున్నదే. పెద్ద నగరం కింద ఉండిపోగా రెండు చిన్న ఊళ్లు పైకి పోయిన ఆ వేసవి ఫ్రెంచి ఫుట్‌బాల్‌లో మళ్లీ రాలేదు.

మొదటి డివిజన్‌లో గున్యోన్ ఒకే ఒక్క సీజను ఉంది. 1995-96లో ఇరవై జట్లలో పద్దెనిమిదవ స్థానంతో తిరిగి దిగిపోయింది. అదే సీజనులో అదే బర్గండీకి చెందిన ఒసేర్ జట్టు ఫ్రాన్స్ ఛాంపియన్ కావడం గున్యోన్ వాళ్లకు పుండు మీద కారం. అప్పుడు గున్యోన్‌తో సంబంధం లేనట్టు కనిపించిన మరొక సంగతి ఉంది. 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం బోస్మాన్ అనే ఆటగాడి కేసులో తీర్పు ఇచ్చింది: ఒప్పందం ముగిసిన ఆటగాడు పైసా చెల్లింపు లేకుండా వేరే క్లబ్బుకు వెళ్లవచ్చునని. ఆటగాళ్లకు అది న్యాయమే. కాని ఊరి కుర్రాళ్లకు ఆట నేర్పి, పెద్ద క్లబ్బుకు అమ్మి, ఆ డబ్బుతో ఇంకో అయిదేళ్లు గడుపుకునే చిన్న క్లబ్బులకు ఆ నాటి నుంచి ఒక ఆదాయ మార్గం ఇరుకైపోయింది. గున్యోన్ మొదటి డివిజన్ మెట్టు ఎక్కిన నెలల్లోనే మెట్ల ధర పెరిగిందన్నమాట.

ఇక మీరు అడిగిన కప్పు. ఇక్కడ ఒక సవరణ ముఖ్యం. గున్యోన్ గెలిచినది 'కూప్ ద ఫ్రాన్స్' కాదు, 'కూప్ ద లా లీగ్'. మొదటిది 1917-18 నుంచి జరుగుతున్న పాత కప్పు. పల్లెటూరి జట్టు మొదలుకొని వేల సంఖ్యలో క్లబ్బులు అందులో పాల్గొంటాయి, పెద్ద జట్లు చివరి దశల్లో చేరతాయి. రెండవది వృత్తి క్లబ్బుల కోసం లీగు నడిపిన పోటీ. ఈ రూపంలో 1995 నుంచి 2020 దాకా ఇరవై ఆరు సార్లు జరిగి ఆగిపోయింది. కనుక కార్మికుల జట్టు ఈ కప్పు గెలిచిందన్న మాటలోనే చిక్కు ఉంది. కార్మికుల జట్టుకు అందులో ప్రవేశమే లేదు.

2000 ఏప్రిల్ 22న, పారిస్ శివారులోని స్టాద్ ద ఫ్రాన్స్‌లో, అంటే రెండేళ్ల ముందు ఫ్రాన్స్ ప్రపంచకప్పు గెలిచిన మైదానంలో, రెండవ డివిజన్ గున్యోన్, ఆ ఏడు మొదటి డివిజన్‌లో రెండవ స్థానం పొందిన పారిస్ సెయింట్ జర్మేన్‌ను 2-0తో ఓడించింది. మొదటి సగంలో గోల్స్ లేవు. విరామం తరువాత అర్జెంటీనాకు చెందిన మార్సెలో త్రపాసో మొదటి గోలు కొట్టాడు; పారిస్ జట్టంతా సమం చేయడానికి ముందుకు వచ్చేసిన చివరి ఘట్టంలో సిల్వాఁ ఫ్లోతో రెండవది వేశాడు. గోల్ దగ్గర రిషార్ త్రివినో నిలబడ్డాడు. తరువాతి కాలంలో సెనెగల్ జాతీయ జట్టుకు శిక్షకుడైన అమరా త్రావొరే ఆ జట్టు ఆటగాడే. శిక్షకుడు అలెక్స్ ద్యుపాఁ. పేర్లు చూస్తేనే తెలుస్తుంది: ఇది అరూ ఒడ్డున పుట్టి పెరిగిన కమ్మరి కుర్రాళ్ల జట్టు కాదు, తక్కువ ఖర్చుతో, మంచి కన్నుతో ఏరి కూర్చిన వృత్తి జట్టు. అంతమాత్రాన గెలుపు చిన్నదైపోదు. ఇరవై ఆరు పోటీల్లో ఈ కప్పు గెలిచిన రెండవ డివిజన్ జట్టు అది ఒక్కటే.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ రోజు పారిస్ జట్టును చూసి ఆ గెలుపును కొలవకండి. ఖతార్ సంస్థ దాన్ని కొన్నది 2011లో. 2000 నాటి పారిస్ ధనిక క్లబ్బే గాని, ఇప్పటిలా మిగతా ఫ్రాన్స్ అంతటికీ అందనంత ఎత్తులో లేదు. పారిస్‌కు ఆ పెట్టుబడి వచ్చిన ఏడాదే గున్యోన్ దివాలా తీసింది. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం ఏమీ లేదు, కాని పదకొండేళ్ల కిందట ఒకే గడ్డి మీద నిలబడిన రెండు జట్లు ఒకే ఏడాది ఎటుపోయాయో చూస్తే నాకు ఇప్పటికీ ఒక్క క్షణం పెన్ను ఆగుతుంది.

కప్పు గెలిచినందుకు మరుసటి సీజనులో ఐరోపా దేశాల క్లబ్బులు ఆడే యూఎఫా కప్పులో చోటు దక్కింది. మొదటి రౌండులోనే గ్రీసుకు చెందిన ఇరాక్లిస్‌తో రెండు మ్యాచ్‌లూ కలిపి ఒక్క గోలు తేడాతో ఓడి బయటికి వచ్చేసింది. ఐరోపా యాత్ర అంతటితో సరి.

ఇక్కడి నుంచి పతనం ఎలా జరిగిందో కోశాధికారి భాషలో చెబుతాను. స్టాద్ జాఁ-లావిల్ అనే ఆ ఊరి మైదానంలో పదమూడు వేలకు పైగా జనం పడతారు. అంటే ఊరంతా వచ్చి కూర్చున్నా ఇంకా ఖాళీ మిగులుతుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రావాలి, వాళ్లకేమో ఒక పక్క లియోన్, ఇంకో పక్క సెయింట్-ఎతియెన్, పైన ఒసేర్ ఉన్నాయి. టికెట్లతో రెండవ డివిజన్ జీతాలు తీరవు. మిగిలినవి మూడు: టెలివిజన్ వాటా, స్థానిక సంస్థల సహాయం, ప్రకటనదారులు. రెండవ డివిజన్‌లో ఉన్నంతకాలం టెలివిజన్ వాటాయే ప్రాణవాయువు. 2008లో మూడవ డివిజన్‌కు, అంటే 'నేషనల్'కు, పడగానే ఆ వాటా దాదాపు అంతా పోతుంది. జీతాల ఒప్పందాలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఆదాయం ఒక్క వేసవిలో కూలిపోతుంది, ఖర్చు తగ్గడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ మధ్యకాలం దాటడానికి నిల్వ డబ్బు ఉండాలి, లేదా వెంటనే తిరిగి పైకి ఎక్కాలి. గున్యోన్‌కు రెండూ కుదరలేదు. 2011లో న్యాయస్థానం క్లబ్బును లిక్విడేషన్‌కు పంపింది.

ఇదే జబ్బును చాలా చిన్న స్థాయిలో నేను స్వయంగా చూశాను. మా క్లబ్బు ఎక్కడో జిల్లా స్థాయిలో ఆడే క్లబ్బు. ఆటగాళ్లకు జీతాలు లేవు, ప్రయాణ ఖర్చులు మాత్రం ఇచ్చేవాళ్లం. మా ఏడాది ఆదాయంలో నాలుగో వంతు ఒకే ఒక్క స్థానిక వ్యాపారి దగ్గరి నుంచి వచ్చేది. ఆయన వ్యాపారం అమ్మేసి విశ్రాంతి తీసుకున్నాడు. కొత్త యజమానికి ఫుట్‌బాల్ అంటే ఆసక్తి లేదు. మర్యాదగా ఒక ఉత్తరం వచ్చింది, అంతే. ఆ ఏడు మేము పిల్లల జట్లలో ఒకదాన్ని పక్క ఊరి క్లబ్బుతో కలిపేశాం, లాటరీ సాయంత్రాలు మూడు అదనంగా నడిపాం, బువెట్‌లో, అంటే మైదానం పక్కన కాఫీ, బీరు, వేయించిన సాసేజీలు అమ్మే చిన్న కొట్టులో, నేనే నిలబడి డబ్బులు లెక్కపెట్టాను. ప్రవేశ రుసుము కంటే ఆ కొట్టే మాకు ఎక్కువ సంపాదించిపెట్టేది. మేము బతికాం, ఎందుకంటే మా ఖర్చు తగ్గించుకోగలిగినంత చిన్నది. గున్యోన్ ఖర్చు అలాంటిది కాదు.

'చిన్న ఊరు గనుకనే పోయింది' అని మీరు అనుకోవచ్చు. అది సగమే నిజం. అదే 2011లో రెండు లక్షల డెబ్భై వేల జనాభా ఉన్న స్ట్రాస్‌బోర్ క్లబ్బు కూడా దివాలా తీసి అయిదవ డివిజన్‌కు పడిపోయింది. గ్రెనోబుల్ కూడా అంతే. 2000లోనే, గున్యోన్ గెలిచిన పదిహేను రోజులకు, మే 7న, నాలుగవ డివిజన్ ఔత్సాహికులైన కలే జట్టు కూప్ ద ఫ్రాన్స్ ఫైనల్ ఆడి నాంత్ చేతిలో 2-1తో ఓడింది. ఆ క్లబ్బు 2017లో మూతపడింది. 2024లో ఆరుసార్లు ఫ్రాన్స్ ఛాంపియన్ అయిన బోర్డో వృత్తి హోదా వదులుకుని నాలుగవ డివిజన్‌కు దిగింది. పడిపోవడానికి ఊరి పరిమాణంతో నిమిత్తం లేదు. తిరిగి లేవడానికే ఉంది. స్ట్రాస్‌బోర్ ఆరేళ్లలో, 2017 నాటికి, మొదటి డివిజన్‌కు తిరిగి వచ్చింది, ఎందుకంటే అయిదవ డివిజన్‌లో ఆడుతున్నప్పుడు కూడా దాని వెనుక ఒక మహానగరం జనం, ప్రకటనదారులు ఉన్నారు. గున్యోన్ వెనుక ఉన్నది గున్యోన్ మాత్రమే.

దీనికి ఎదురు ఉదాహరణగా అందరూ గంగాఁను చూపిస్తారు, సబబే. అదీ ఏడు వేల ఊరే. పద్దెనిమిది వేల మంది పట్టే మైదానం ఉంది. 2009లో రెండవ డివిజన్‌లో ఉంటూనే అదే బ్రిటనీకి చెందిన రెన్ జట్టును 2-1తో ఓడించి కూప్ ద ఫ్రాన్స్ గెలిచింది, 2014లో మళ్లీ రెన్‌నే ఓడించి మళ్లీ గెలిచింది. 2010లో మూడవ డివిజన్‌కు పడి, ఏడాదిలోనే పైకి లేచింది. తేడా ఎక్కడ ఉంది? నాకు తోచినది చెబుతాను, ఇది నా అభిప్రాయం మాత్రమే. గంగాఁ ఎప్పుడూ ఒక్క కార్ఖానా మీద ఆధారపడలేదు. దాని చుట్టూ ఉన్న పల్లె ప్రాంతమంతా, బ్రిటనీ వాళ్లమన్న అభిమానంతో, దాన్ని తమ జట్టుగా తలచింది. అరవై డెబ్భై కిలోమీటర్ల నుంచి జనం వస్తారు. వందల కొద్దీ చిన్న వ్యాపారులు తలా కొంత ఇస్తారు. నోయెల్ ల గ్రాయె వంటి వ్యక్తి దశాబ్దాల పాటు అక్కడే ఉండి, క్లబ్బు అధ్యక్షుడిగా, ఊరి మేయరుగా, ఆపైన లీగుకు, సమాఖ్యకు అధ్యక్షుడిగా పనిచేశాడు. ఒక పెద్ద మూలస్తంభం ఉన్న ఇల్లు, నలభై చిన్న గుంజల పందిరి ఈ రెండిటిలో గాలివానకు ఏది నిలుస్తుందో మనకు తెలిసినదే. గున్యోన్ మొదటి రకం. అయితే ఆ మూలస్తంభం లేకపోతే ఆ ఇల్లు కట్టడమే జరిగేది కాదు కనుక, కార్ఖానా మీద ఆధారపడడమే తప్పు అని తేల్చేయడానికి నాకు మనసొప్పదు.

దివాలా తరువాత ఏమైందన్నది మీ ప్రశ్నలో మిగిలిన భాగం. ఫ్రాన్స్‌లో క్లబ్బు అంటే మూలంలో 1901 నాటి చట్టం కింద నమోదైన సంఘం; మన సొసైటీ రిజిస్ట్రేషన్ లాంటిదే. వృత్తి జట్టు కోసం దానికి తోడుగా ఒక వాణిజ్య సంస్థను పెడతారు. డబ్బు పోయినప్పుడు వాణిజ్యం కూలుతుంది, కాని పిల్లలకు ఆట నేర్పే స్వచ్ఛంద కార్యకర్తలు, పురపాలక సంఘం ఇచ్చే మైదానం, ఊరివాళ్ల పట్టుదల ఉంటే సంఘం రూపంలో ఆట మళ్లీ మొదలవుతుంది. గున్యోన్‌లో అదే జరిగింది. అదే పేరు, అవే రంగులతో ప్రాంతీయ లీగుల్లో తిరిగి మొదలుపెట్టి, తరువాతి సంవత్సరాల్లో నేషనల్ 3, అంటే అయిదవ డివిజన్, దాకా ఎక్కివచ్చింది. అందుకే మీకు పెద్ద పట్టికల్లో కనిపించదు. వెతకవలసింది బర్గండీ-ఫ్రాంష్-కోంతే ప్రాంతపు పట్టికల్లో.

నేను అక్కడికి మొదటిసారి వెళ్లింది దివాలా తరువాతే. పదమూడు వేల మంది పట్టే స్టేడియంలో రెండు మూడు వందల మందిమి ఉన్నాం, అందరం ఒకే స్టాండులో ఒక మూల చేరి కూర్చున్నాం. నా పక్కన పసుపు-నీలం కండువా వేసుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు. కార్ఖానాలో ముప్పై ఏళ్లు రేకులు చుట్టే విభాగంలో చేశానన్నాడు. 2000 ఫైనల్ గురించి అడుగుతాననుకున్నాడేమో, నేను 1979 గురించి అడిగేసరికి నా వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ జట్టులో ఇద్దరు తన షిఫ్టులోనే ఉండేవారని, శనివారం ఆడి సోమవారం పొద్దున్నే పనిలోకి వచ్చేవారని, ఓడిపోతే మాత్రం వాళ్లతో ఆ వారమంతా ఎవరూ మాట్లాడేవారు కాదని చెప్పాడు. 2000 నాటి ఆటగాళ్లలో ఎంతమంది తెలుసని అడిగితే, 'టెలివిజన్‌లో చూశాను' అన్నాడు.

చివరిగా ప్రయాణం సంగతి. లియోన్ నుంచి కారులో సుమారు రెండు గంటల దూరం. రైలులో వెళ్లాలంటే నేరుగా ఊళ్లో దిగడం కుదరదు. దగ్గరి స్టేషను దాకా వెళ్లి అక్కడి నుంచి బస్సో, తెలిసినవారి కారో చూసుకోవాలి, ఆదివారం బస్సులు చాలా తక్కువ. మ్యాచ్ తేదీ, సమయం బయలుదేరే వారంలోనే సరిచూసుకోండి. ఈ స్థాయిలో వాన పడి మైదానం చెడితే వాయిదా వేయడం మామూలే. శీతాకాలంలో వెళితే మందపాటి సాక్సులు వేసుకోండి, కాంక్రీటు మెట్ల చలి కాళ్లలోంచి ఎక్కుతుంది. చిల్లర కూడా పట్టుకెళ్లండి, చిన్న మైదానాల బువెట్ దగ్గర కార్డు అన్నిచోట్లా తీసుకోరు. పక్కన పెద్దవాళ్లు కనబడితే 'బోఁజూర్ మెస్యో' అని పలకరించి కూర్చోండి, తక్కినది వాళ్లే చెబుతారు.